నర్ది చెంచా

పందొమ్మిదో రోజు పొద్దున
నా నాలిక్కి ఉప్పు తెలిసింది.
గంజిలో ఇంకో రెండు రాళ్ళు పడాల్సింది అన్నాను.
తెల్లసూటులోంచి ఎవరో నవ్వారు.
గుండె మీద మార్కరుతో రాసుకున్న పేరే
ఇక్కడ ముఖం:
సుగుణ, నర్సు, వింజమూరు.

ఉదయగిరి హాస్టల్లో నలభై మంచాలు.
గోడ మీద ఎక్కాలు అట్నే ఉన్నాయి.
పదమూడో ఎక్కం కింద నేను.
జ్వరం ఎగదన్నినప్పుడల్లా
పదమూడేడుల దగ్గర ఆగిపొయ్యేదాన్ని.
తొంభై ఒకటి.
ఇప్పుడు చెప్పగలను.

ఈ జ్వరం నోటితో మొదలుపెడతాది.
పెదాలు, చిగుళ్ళు, నాలిక కింద అంతా పుండే.
స్టీలు చెంచా పంటికి తగిలితే
పక్క మంచం వెంగమ్మ
దుర్గం మీదికి వినపడేట్టు అరిచేది.

అప్పుడు గేటు దగ్గరికి కబురు పంపాను.
మా చెల్లెలు రిజ్వానా
గోడ మీంచి ఒక మూట విసిరింది.
ఎగ్జిబిషన్లు మూతపడ్డాక
అమ్ముడుపోకుండా మిగిలిన
నూట పన్నెండు చెంచాలు.

నర్దికి రుచి లేదు.
మా నాయన ఏ కర్ర తెచ్చినా ముందు నమిలి చూసేవాడు.
"నోట్లో పెట్టేదానికి నోరుండకూడదు మే" అనేవాడు.
వీటి మెడలు చెక్కింది నేనే,
గరుకు కాగితం పెట్టి రుద్దింది నేనే,
ఏ పట్నంలో ఎవరి బల్ల మీదికి పోతాయో అనుకుంటా.
ఈ నోళ్ళలోకి వస్తాయనుకోలా.

వెంగమ్మ ఆ రాత్రి మూడు చెంచాలు మింగింది.
నాలుగోది చెంప మీంచి కారిపొయ్యింది.
తెల్లారేసరికి మంచం మీద పరుపు లేదు.
దుప్పటితో పాటు ఆ చెంచాని కూడా
వంటషెడ్డు వెనక మంటలో వేశారు.
రుచి లేని నర్దికి
కాలితే వాసనుంటది.
ముప్పై ఏళ్ళు చెక్కి
ఆ సంగతి కిటికీలోంచి తెలుసుకున్నా.

ఒకసారి వచ్చినోళ్ళకి మళ్ళీ రాదంట.
డాక్టరు చెప్పాడు, ఒట్టు మాత్రం వెయ్యలేదు.
బతికిన ఐదుగురం సూట్లు లేకుండా తిరుగుతున్నాం.
వార్డు మొత్తానికి ముఖాలున్నది మాకే.
కొత్తగా వచ్చినోళ్ళు
మా ముక్కులూ మూతులూ
పెళ్ళిచూపులకి వచ్చినట్టు చూస్తారు.

మాలో ఒకడు దైవాశీర్వాదం, బస్సు కండక్టరు.
జుట్టు రాలిపోయి తల గుండ్రాయిలా ఉంటాది.
రాత్రి రెండింటికి
తెలివి తప్పినోళ్ళ మంచాల మధ్య నడుస్తాడు,
కావలి, కలిగిరి, వింజమూరు, దుత్తలూరు
గొంతు తగ్గించి కేకేసుకుంటా.
ఎవరన్నా లేవబోతే భుజం మీద చెయ్యేసి
"కూర్చో అబ్బయా,
మీ ఊరు ఇంకా రాలా" అంటాడు.
కొందరు కూర్చున్నారు.
కొందరు అతను వెనక్కి తిరిగిన సందులో దిగిపొయ్యారు.

నాకు ఏడు నెలల పిల్లని ఇచ్చారు.
తల్లి వెనక వార్డులో ఉంది,
ఉంది అనే చెప్తున్నారు.
పిల్లకి జొరం తగ్గింది, కోపం తగ్గలా.
చెంచా పెడితే కొరుకుతాది.
కింద ఒకటే పన్ను, బియ్యపు నూకంత.

బ్లీచింగు నీళ్ళలో నాని నాని
చెంచా ఎండిన ఎముక రంగుకి తిరిగింది.
నారలు పైకి లేచాయి.
ఇంటి దగ్గరైతే
ఇది సెకండ్సు అని పక్కన పడేసేదాన్ని.
ఇప్పుడు దాని అంచున
చిన్న నొక్కు ఒకటి పడింది.
ఉలితో అంత సన్నగా
నాకెప్పుడూ రాలేదు.

ఇంటికి పోవచ్చని కాయితం రాసిచ్చారు.
రోడ్డు అవతల రిజ్వానా నిలబడి ఉంది,
కొత్త చీర సంచిలో పెట్టుకుని.
వీధిలో వాళ్ళు ఏమన్నారో
తను చెప్పలేదు, నేను అడగలేదు.
సంచి గేటుకి తగిలించి
మళ్ళీ రోడ్డు అవతలికే పోయింది.

రేపొస్తానని చెయ్యూపాను.
గిన్నెలో గంజి ఇంకా సగం ఉంది.
పిల్ల నోరు తెరుచుకుని చూస్తా ఉంది.